చైనాలో ఇంగ్లీషు పంతులమ్మ: పెర్ల్ బక్

ఏటా ఈ సంచికలో ఒక ప్రసిద్ధుల జీవితం రాయడం మన ఆనవాయితీ. ఈసారి ఎవరి గురించి రాయాలన్న మాట వచ్చినప్పుడు మాలో రకరకాల పేర్లు వినిపించాయి. చివరకు పెర్ల్ బక్ పేరు దగ్గర అందరం ఆగాం. ఆమెకు నోబెల్ బహుమతి వచ్చిందని క్విజ్ పుస్తకాల్లో చదివే ఉంటారు. కానీ ఆమె చాలా ఏళ్లు చైనాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఒక మామూలు పంతులమ్మ అనీ, కన్నబిడ్డను దూరంగా హాస్టల్లాంటి చోట వదిలి రావాల్సి వచ్చిన తల్లి అనీ, ఆ బిడ్డ ఫీజు కట్టడానికే ఎక్కువగా కలం పట్టిందనీ చాలామందికి తెలియదు. మనం హాస్టల్ పిల్లలం. ఆ కథ మనకు చెప్పనక్కర లేకుండానే సగం అర్థమవుతుంది.

పెర్ల్ 1892 జూన్ 26న అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి అబ్సలోం సైడెన్‌స్ట్రికర్, తల్లి కేరీ. ఇద్దరూ చైనాలో క్రైస్తవ మిషనరీలు. సెలవు మీద స్వదేశం వచ్చినప్పుడు పుట్టిన ఈ పాపను, ఏడాది కూడా నిండకముందే ఎత్తుకుని మళ్లీ చైనా వెళ్లిపోయారు. ఆ దంపతులకు మొత్తం ఏడుగురు పిల్లలు. అందులో నలుగురు చిన్నతనంలోనే పోయారు. ఉష్ణ దేశపు జ్వరాలు, విరేచనాలు, కలరా ఆ రోజుల్లో దొరల పిల్లలనూ వదల్లేదు. బతికి బట్టకట్టిన ముగ్గురిలో పెర్ల్ ఒకతె.

వాళ్లు ఎక్కువకాలం ఉన్న ఊరు జెన్‌జియాంగ్. యాంగ్‌ట్సీ మహానదీ, ఉత్తర దక్షిణాలను కలిపే పెద్ద కాలువా కలిసే చోట ఉన్న రేవు పట్టణం అది. తెల్లవాళ్లంతా కోట గోడల్లాంటి ప్రహరీల లోపల వేరుగా ఉండేవారు. పెర్ల్ కుటుంబం మాత్రం చాలా ఏళ్లు చైనా వాళ్ల మధ్యనే ఇల్లు తీసుకుని ఉంది. పెర్ల్‌ను పెంచిన ఆయా వాంగ్ పాదాలు చిన్నప్పుడే కట్టేసి ముడిచేసినవి. అడుగు తీసి అడుగు వేయడమే కష్టమైన ఆ ముసలమ్మ పాపకు బౌద్ధుల కథలూ, దయ్యాల కథలూ చెప్పేది. పాప పసుపుపచ్చ జుట్టు చూసి వీధిలో జనం వింతపడతారని టోపీలోకి దోపి పెట్టేది. వంటవాడు పాత చైనా నవలలు చదివి వినిపించేవాడు. బందిపోట్ల వీరగాథలూ, మూడు రాజ్యాల యుద్ధాలూ వంటింట్లో పొయ్యి పక్కనే ఆమెకు వచ్చేశాయి. అమ్మ పెట్టే అమెరికా తిండి తిని, మళ్లీ వంటింట్లోకి వెళ్లి పనివాళ్లతో కలిసి వాళ్ల అన్నం తినేదట. మొదట పట్టుబడిన మాట చైనా మాట. ఇంగ్లీషు తరువాత వచ్చింది.

కాస్త ఎదిగాక ఇంటికి కుంగ్ అనే పంతులుగారు వచ్చి చదువు చెప్పేవారు. ఆయన కన్‌ఫ్యూషియస్ సంప్రదాయంలో చదువుకున్న పండితుడు. ఆయన దృష్టిలో నవల చదవడం పరువు తక్కువ పని. పొద్దున అమ్మ దగ్గర అమెరికా పాఠాలు, మధ్యాహ్నం పంతులుగారి దగ్గర చైనా అక్షరాలు, చరిత్ర, నీతి. 1905లో ఆయన కలరాతో పోయారు. పంతులుగారు కాదన్న నవలలే తరువాత ఆమెకు అన్నం పెట్టాయి. ఆయన బతికుంటే ఏమనేవారో అని మేము నవ్వుకున్నాం.

1900లో బాక్సర్ల తిరుగుబాటు వచ్చింది. విదేశీయులు చైనాను ముక్కలు ముక్కలుగా పంచుకుంటున్నారన్న కోపంతో లేచిన తిరుగుబాటు అది. ఎనిమిదేళ్ల పెర్ల్ తల్లితో కలిసి షాంఘైకి పారిపోవాల్సి వచ్చింది. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లలు దూరమయ్యారు. తాను వాళ్లలో ఒకతెనని అనుకున్న పిల్లకు, కాదు, నీ ముఖం వేరు అని లోకం మొదటిసారి చెప్పింది అప్పుడే. ఏ తప్పూ చేయకుండానే పుట్టుకను బట్టి వేరుగా నిలబడవలసి రావడం ఎలా ఉంటుందో మన హాస్టళ్లలో పెరిగిన వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే ఒక తేడా కూడా చెప్పుకోవాలి. ఆమె వెనుక తుపాకుల ఓడలున్న దేశాలున్నాయి. చైనాలో తెల్లవాడు నేరం చేసినా అక్కడి కోర్టు అతన్ని విచారించలేని రోజులవి. ఆ అన్యాయపు సదుపాయం తనకూ ఉందన్న సంగతి పెర్ల్ పెద్దయ్యాక దాచుకోలేదు. పుస్తకాల్లో రాసుకున్నారు.

1907 ప్రాంతంలో ఉత్తరాన వరదలు, కరువు వచ్చి వేలమంది రైతు కుటుంబాలు జెన్‌జియాంగ్ దారుల్లోకి వలస వచ్చాయి. గోడల పక్కన చాపలు నిలబెట్టుకుని, దానిలో తల దాచుకుని, గంజి కేంద్రాల ముందు వరుసల్లో నిలబడిన ఆ మనుషులను ఆమె రోజూ చూసింది. ఆ దృశ్యం ఆమె మనసులో రెండు పుష్కరాలు దాగి ఉండి తరువాత నవలలో బయటపడింది.

షాంఘైలో ఒక బోర్డింగ్ స్కూల్లో కొద్దికాలం చదివింది. అక్కడ ఉన్నప్పుడే, అమ్ముడుపోయి హింసలు పడి తప్పించుకు వచ్చిన బాలికల ఆశ్రమానికి వెళ్లి కుట్టుపనీ, అల్లికా నేర్పింది. చైనా భాష బాగా వచ్చు కాబట్టి ఆ బాలికలు తమ కథలన్నీ ఆమెతో చెప్పుకున్నారు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. తరువాత అమెరికాలో వర్జీనియాలోని రాండాల్ఫ్ మేకన్ మహిళా కళాశాలలో చేరింది. అక్కడా పరాయిదే. బట్టలు చైనా దర్జీ కుట్టినవి, మాటల్లో తోటి పిల్లల యాస లేదు. పట్టుబట్టి వాళ్ల మాట, వాళ్ల బట్ట నేర్చుకుని తన తరగతికి అధ్యక్షురాలిగా ఎన్నికైంది. పల్లె నుంచి పట్నం కాలేజీకి వెళ్లి మొదటి ఏడాది బెంచీ చివర కూర్చున్న అక్కయ్యలు ఈ మాట చదివి ఒకసారి నవ్వుకుంటారని మాకు తెలుసు.

1914లో డిగ్రీ చేతికొచ్చింది. అమ్మకు జబ్బు చేసిందని కబురు రాగానే ఆమె చైనాకు బయలుదేరారు. ఇక్కడి నుంచే పంతులమ్మ జీవితం మొదలు.

జెన్‌జియాంగ్‌లో మిషన్ వారి మగపిల్లల ఉన్నత పాఠశాలలో పై తరగతులకు ఇంగ్లీషు చెప్పారు. పంతులమ్మకు ఇరవై రెండేళ్లు. విద్యార్థుల్లో కొందరిది దాదాపు ఆమె వయసే. ఈనాటి మన బడి లెక్కన చూస్తే వింతగా ఉంటుంది. కానీ చైనా అప్పుడు కొత్తగా నిద్ర లేచిన దేశం. వెయ్యేళ్లకు పైగా నడిచిన పాత ప్రభుత్వ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. అంతకుముందు ఆ పరీక్ష పాసైతేనే అధికారి కాగలరు. దానికోసం పాత గ్రంథాలు కంఠతా పట్టేవారు. ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. 1911 విప్లవంతో రాచరికమే పోయింది. మగవాళ్లు పొడుగు జడలు కత్తిరించుకున్నారు. ఇక ఉద్యోగం కావాలన్నా, పై దేశాల్లో చదవాలన్నా, కొత్త సైన్సు పుస్తకం తెరవాలన్నా ఇంగ్లీషు కావాలి. అందుకే ఇంటి బాధ్యతలున్న యువకులు కూడా అక్షరాలు దిద్దుకుని వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. ఆమె వాళ్లకు ఇంగ్లీషు చెబితే, వాళ్లు ఆమెకు తమ దేశంలో ఏం జరుగుతోందో చెప్పారు. ఎవరు ఎవరికి ఎక్కువ నేర్పారో తేల్చడం కష్టం. పొద్దున బడి, సాయంత్రం మంచాన ఉన్న తల్లి సేవ. మూడేళ్లు అలాగే గడిచాయి.

1917 మే 30న జాన్ లాసింగ్ బక్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి పెళ్లి చేసుకుని ఉత్తరాన ఆన్‌హుయ్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణానికి కాపురం వెళ్లారు. చుట్టూ గోడ, బయట కందకం, గాలి వీస్తే ఇంట్లో అన్నిటి మీదా దుమ్ము. వానాకాలం బురద, చలికాలం మంచు, ఎండాకాలం వడగాలి. అక్కడా ఆడపిల్లల బళ్లో పాఠాలు చెప్పారు. భర్త పల్లెలకు వెళ్లి రైతులను ప్రశ్నలడుగుతుంటే వెంట వెళ్లి మాట కలిపేవారు. ఎంత భూమి, ఎంత అప్పు, ఏ పంట, ఏ ఎరువు అని ఆయన లెక్కలు రాసుకుంటుంటే, ఆమె లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర ఆడవాళ్ల పక్కన కూర్చునేవారు. పుట్టిన ఆడపిల్లను కరువులో ఏం చేశారో, పెద్ద కోడలు ఎందుకు మాట్లాడదో అక్కడ తెలిసేది. ఆయన లెక్కలన్నీ తరువాత చైనా భూముల మీద పెద్ద గ్రంథమయ్యాయి. 22 రాష్ట్రాల్లో 16,786 కమతాలు లెక్కించిన పని అది. 1937లో అచ్చయింది. ఆ కమతాలను దున్నిన మనుషులు మాత్రం ఆమె పుస్తకంలోకి వెళ్లారు.

1920లో నాన్‌జింగ్ చేరారు. అప్పట్లో నాన్‌కింగ్ అనేవారు. భర్తకు అక్కడి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. ఆమె ఆ విశ్వవిద్యాలయంలోనూ, గిన్లింగ్ మహిళా కళాశాలలోనూ, తరువాత ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లీషు సాహిత్యం బోధించారు. ఆ రోజువారీ జీవితం ఎలా ఉండేదో ఆమె రచనలను బట్టి మేము ఊహించుకున్నాం. ఇటుక మేడ ఇల్లు, చుట్టూ తోట. పై అంతస్తు కిటికీలోంచి చూస్తే ఊరి గోడా, దాని వెనుక ఊదా రంగు కొండా. ఇంట్లో వంటవాడూ, ఆయా, తోటమాలీ. వాళ్ల తగాదాలు తీర్చడం, చుట్టాలకు సాయం చేయడం, సాయం కోసం గుమ్మంలో కూర్చున్న వాళ్ల మాట వినడం. ఆ తరువాత క్లాసు.

క్లాసులు కూడా రెండు రకాలు. మిషన్ వారి విశ్వవిద్యాలయంలో బాగా ఉన్న ఇళ్ల పిల్లలు ఎక్కువ. ఇంగ్లీషు ముందే కొంత వచ్చి ఉండేది. గదులు వెచ్చగా ఉండేవి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అలా కాదు. పేదింటి పిల్లలు, పలచని బట్టలు, చలికి వణికే గదులు. పంతులమ్మా కోటు విప్పకుండానే పాఠం చెప్పేవారు. ఇంగ్లీషు సరిగా రాని పిల్లలు, ఒక్కో మాట కూడబలుక్కుంటూ, వదలకుండా ప్రశ్నలడిగేవాళ్లు. గంట అయిపోయాక కూడా చుట్టూ నిలబడేవాళ్లు. ఈ రెండో రకం క్లాసులే తనకు ఇష్టమని ఆమె చెప్పుకున్నారు. ఈ భాగం చదివినప్పుడు మా గదిలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వాన నీళ్లు కారే స్టడీ హాల్లో ట్యూటర్ గారి చుట్టూ చేరి టెన్సులు చెప్పించుకున్న రాత్రులు అందరికీ గుర్తొచ్చాయి.

అప్పుడే చైనాలో భాష గొడవ కూడా నడుస్తోంది. పండితులకు తప్ప అర్థంకాని పాత గ్రాంథికం వదిలి, జనం మాట్లాడే మాటలోనే రాయాలని హు షీ, చెన్ దూషియు వంటివారు 1917 నుంచి ఉద్యమం నడిపారు. మన గిడుగు రామ్మూర్తి పంతులుగారి వాడుక భాష పోరాటం కూడా ఇంచుమించు ఆ ఏళ్లదే కావడం మాకు ఆశ్చర్యం కలిగించింది. పెర్ల్ విద్యార్థుల్లో చాలామంది ఆ కొత్తగాలి పీల్చినవాళ్లే. అయితే వాళ్లలో కొందరు పడమటి దేశాల పుస్తకాలంటే పడిచస్తూ సొంత పల్లె రైతు ముఖం చూడటానికి సిగ్గుపడటం ఆమెకు నచ్చలేదు. ఇంగ్లీషు నేర్పే మనిషే, మీ రైతుల్లో చూడవలసినంత గొప్పతనం ఉందని అనడం ఎంత విచిత్రం!

ఇక ఆమె సొంత దుఃఖం. 1920 మార్చి 4న కూతురు కేరల్ పుట్టింది. అందమైన పాప. కాన్పు సమయంలోనే తల్లికి గర్భాశయంలో గడ్డ ఉందని తెలిసి ఆపరేషన్ చేశారు. ఇక పిల్లలు పుట్టే అవకాశం పోయింది. మరుసటి ఏడాది ఆమె తల్లి కేరీ చనిపోయారు. ఇటు చూస్తే పాప ఎదుగుతోంది గాని మాటలు రావడం లేదు. చర్మం మీద దురద, పొక్కులు. ఒంటి నుంచి ఏదో వాసన. ఎవరికి చూపినా కొంచెం ఆగండి, వస్తాయి అన్నవారే. 1924లో భర్త సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు ఎందరో వైద్యులకు చూపించారు. చివరకు ఒక డాక్టరు, ఈ బిడ్డ ఎప్పటికీ పసిపిల్లగానే ఉంటుందనీ, ఆశ పెట్టుకోవద్దనీ ఉన్నమాట మొహం మీద చెప్పారు. ఆ మాట కటువుగా ఉన్నా తనకు మేలే చేసిందని ఆమె తరువాత రాశారు.

ఆ జబ్బు పేరు అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ దాన్ని కనిపెట్టారు. పినైల్ కీటోనూరియా అంటారు. మనం తినే మాంసకృత్తుల్లోని ఒక పదార్థాన్ని కొందరి శరీరం అరిగించుకోలేదు. అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. పుట్టిన వెంటనే రక్తపు చుక్కతో పరీక్ష చేసి, ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం ఇస్తే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ఆ పరీక్ష 1960లలో వచ్చింది. కేరల్‌కు నలభై ఏళ్లు ఆలస్యమైంది.

అదే సెలవులో పెర్ల్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎం.ఏ. చేశారు. చేతిలో డబ్బు చాలక, బహుమతి సొమ్ము ఎక్కువున్న వ్యాసాల పోటీ ఏదో చూసుకుని రాసి గెలిచారు. జేనిస్ అనే పసిపాపను దత్తత తీసుకుని నాన్‌జింగ్ తిరిగొచ్చారు.

1927 మార్చి 24. ఆ రోజు నాన్‌జింగ్‌లో సైన్యాలు మారాయి. ఊరిలోకి వచ్చిన సైనికుల్లో కొందరు విదేశీయుల ఇళ్ల మీద పడ్డారు. విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడు జాన్ విలియమ్స్‌ను కాల్చి చంపారు. బక్ కుటుంబం ఎక్కడికి పోవాలో తెలియక నిలబడి ఉంటే, వెనుక గుడిసెల్లో ఉండే లూ అనే పేదరాలు పరుగున వచ్చి తన గదిలో దాక్కోమంది. అంతకుముందు ఆపదలో పెర్ల్ ఆమెకు సాయం చేసి ఉన్నారు. మట్టి గోడల గది. మంచం పట్టేంత చోటు. అందులో డెబ్బై నాలుగేళ్ల తండ్రి, చెల్లెలి కుటుంబం, తమ కుటుంబం. ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మాటంటే తెలియని కేరల్ ఎప్పుడు అరుస్తుందో అని తల్లి గుండె చేతిలో పెట్టుకుంది. బయట తమ ఇల్లు దోచుకుంటున్న చప్పుడు. చైనా మిత్రులు, విద్యార్థులు ప్రాణాలకు తెగించి కాపాడారు. నదిలో ఉన్న విదేశీ యుద్ధ ఓడలు ఊరి మీద గుండ్లు కురిపించాయి. ఆ గుండ్లకు చనిపోయింది చైనా వాళ్లే. ఇది కూడా మరచిపోకూడదు.

ఆ కోపానికి కారణమేమిటో ఆమెకు తెలుసు. అందుకే చైనాను ద్వేషించలేదు. పంతులమ్మ బతికింది ఓడల వల్ల మాత్రమే కాదు, ముందు ఒక కూలి మనిషి గుడిసె వల్ల. రాసుకున్న నవల ప్రతి ఒకటి ఆ దోపిడీలో పోయింది. తల్లి జీవితచరిత్ర వ్రాతప్రతి మాత్రం మిగిలింది. వాళ్లు కట్టుబట్టలతో షాంఘై చేరి, జపాన్‌లో కొన్ని నెలలు తలదాచుకుని, 1928లో మళ్లీ నాన్‌జింగ్ వచ్చారు.

కేరల్‌ను ఏం చేయాలి? తమ తరువాత ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న తొలుస్తూనే ఉంది. 1929లో అమెరికా తీసుకెళ్లి న్యూజెర్సీలో వైన్‌లాండ్ అనే ఊళ్లో ఉన్న శిక్షణ పాఠశాలలో చేర్చారు. ఎన్నో చోట్లు చూసి అక్కడ పిల్లలు నవ్వుతూ తిరుగుతున్నారని దాన్ని ఎంచుకున్నారు. పిల్లకు తొమ్మిదేళ్లు. ఎప్పుడూ తల్లిని విడిచి ఉండలేదు. తనను ఎందుకు వదిలి వెళ్తున్నారో అడగడానికి మాటా లేదు. మన హాస్టల్‌కు మొదటి రోజు ట్రంకు పెట్టెతో వచ్చినప్పుడు అమ్మ బస్సెక్కాక గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది మనమంతా. బస్సులో అమ్మ ఎలా ఉందో మనకు కనిపించలేదు. పెర్ల్ బక్ రాసిన ‘ఎన్నటికీ ఎదగని పాప’ అన్న పుస్తకంలో అటువైపు సంగతి ఉంది. 1950లో వచ్చిన చిన్న పుస్తకం. ఆ రోజుల్లో మందబుద్ధి పిల్లలను ఇళ్లల్లో దాచేవారు, బంధువులకు కూడా చెప్పేవారు కాదు. ఆమె కూడా ఎన్నో ఏళ్లు దాచుకున్న ఆ సంగతిని చివరకు పేరుతో సహా రాసేశారు. అలాంటి బిడ్డలున్న తల్లుల నుంచి ఆమెకు కట్టల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి.

స్కూలు ఫీజుకు రెండు వేల డాలర్లు అప్పు చేశారు. భర్త జీతంతో అది తీరేది కాదు. 1930 జనవరిలో నాన్‌జింగ్ ఇంటికి తిరిగి వస్తే ఇల్లంతా ఖాళీగా ఉంది. అటక మీద గదిలో బల్ల వేసుకుని, కొండకు ఎదురుగా కూర్చుని, ఉదయాలు టైపు మిషన్ మీద నవల రాయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నాలు మామూలే, పాఠాలూ ఇల్లూ. మూడు నెలల్లో పూర్తయింది. కథ ముందు మనసులో చైనా భాషలో నడిచేదనీ, దాన్ని తాను ఇంగ్లీషులో పెట్టుకునేదాన్ననీ ఆమె చెప్పుకున్నారు. అందుకే ఆ ఇంగ్లీషు కష్టంగా ఉండదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని తొమ్మిదో తరగతి పిల్లలూ కొన్ని పేజీలు చదవగలరు. మేము చదివించి చూశాం.

ఆ నవలే ‘గుడ్ ఎర్త్’. తెలుగులో ‘సుక్షేత్రం’గా వచ్చింది. వాంగ్ లుంగ్ అనే పేద రైతు, జమీందారు ఇంట్లో బానిసగా ఉన్న ఓలాన్‌ను పెళ్లి చేసుకుంటాడు. ఇద్దరూ కలిసి కొంచెం భూమి సంపాదిస్తారు. కరువు వస్తుంది. దక్షిణాదికి వలసపోయి చాప కింద బతుకుతారు. తిరిగొచ్చి అదే జమీందారు భూమి కొంటారు. డబ్బు వచ్చాక అతను ఓలాన్‌ను చిన్నచూపు చూస్తాడు. వాళ్ల మొదటి ఆడపిల్లకు మాటలు రావు, బుద్ధి ఎదగదు. తండ్రి మాత్రం ఆ పిల్లను ఎండలో కూర్చోబెట్టుకుని కాపాడుకుంటాడు. ఆ పిల్ల ఎవరో పాఠకులకు అప్పట్లో తెలియదు. మనకు తెలుసు. మాకు నచ్చిన పాత్ర ఓలాన్. పొద్దున పొలంలో పనిచేసి, లోపలికి వెళ్లి ఒక్కతే కాన్పు చేసుకుని, మళ్లీ పొలానికి వచ్చే మనిషి. మా అమ్మమ్మల కథలు ఇలాగే ఉంటాయి, రాసినవాళ్లే తక్కువ.

అంతకుముందు ఆమె మొదటి నవలను న్యూయార్క్‌లో ప్రచురణకర్తలు వరసబెట్టి తిప్పికొట్టారు. చైనా గురించి ఎవరు చదువుతారన్నారు. చివరకు జాన్ డే అనే చిన్న సంస్థ 1930లో అచ్చువేసింది. రెండోదైన గుడ్ ఎర్త్ 1931 మార్చిలో వచ్చి, రెండేళ్లు వరుసగా అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన నవల అయింది. 1932లో పులిట్జర్ బహుమతి, 1937లో సినిమా, 1938లో నోబెల్. అమెరికా మహిళల్లో సాహిత్య నోబెల్ అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. అప్పు తీరింది. కేరల్‌కు జీవితాంతం సరిపడే ఏర్పాటు జరిగింది.

మెచ్చుకున్నవాళ్లే అందరూ కాదు. చైనా మేధావులు కొందరు, మా దేశపు పేదరికాన్నే లోకానికి చూపిందని కోపగించారు. అమెరికా సాహిత్య పెద్దలు కొందరు, నోబెల్ స్థాయి రచన కాదన్నారు. మిషన్ పెద్దలకూ ఆమెకూ చెడింది. చదువులేని, సానుభూతిలేని మిషనరీలను పంపితే చైనాకు ఏం మేలని 1932లో న్యూయార్క్‌లో నిండు సభలో అడిగి, మరుసటి ఏడాది ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు. ఆమె రాసినవి డెబ్బైకి పైగా పుస్తకాలు. అన్నీ గుడ్ ఎర్త్ అంత బలమైనవని మేమూ అనం. చాలా వేగంగా, డబ్బు అవసరాలకు రాసినవి అందులో ఉన్నాయి. కానీ ఆ డబ్బు ఎటు పోయిందో కూడా చూడాలి.

1934లో యుద్ధ మేఘాలు కమ్ముతుండగా చైనా విడిచారు. మళ్లీ ఆ నేల తొక్కలేదు. మొదటి భర్తతో విడిపోయి 1935లో తన ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌ను పెళ్లి చేసుకుని పెన్సిల్వేనియాలో ఒక పాత పొలం ఇంట్లో ఉన్నారు. ఎందరో పిల్లలను దత్తత తీసుకున్నారు. 1949లో, రంగు తేడా వల్ల ఎవరూ పెంచుకోని ఆసియా సంతతి పిల్లల కోసం వెల్కమ్ హౌస్ స్థాపించారు. నల్లజాతి వారి సమాన హక్కుల కోసం, మన దేశ స్వాతంత్ర్యం కోసం కూడా గట్టిగా రాశారు, మాట్లాడారు. ఇంకో ముచ్చట. ఆర్.కె. నారాయణ్ ‘గైడ్’ నవలను సినిమా తీసినప్పుడు 1965లో వచ్చిన ఇంగ్లీషు రూపానికి రచన పెర్ల్ బక్‌దే. అందులో నాయిక మన ‘రోజులు మారాయి’లో పాటకు ఆడిన వహీదా రెహమానే.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లారు. ఎనభై ఏళ్ల వయసులో ఆమె కూడా ఒక్కసారి వెళ్లి తల్లి సమాధి చూసి రావాలనుకున్నారు. చైనా ప్రభుత్వం వీసా ఇవ్వలేదు. ఆమె రాతలు కొత్త చైనాను వక్రీకరించాయని ఉత్తరం వచ్చింది. 1973 మార్చి 6న ఆమె చనిపోయారు. తరువాత చైనాయే మారింది. ఆమె పెరిగిన జెన్‌జియాంగ్ ఇల్లూ, ఆమె గుడ్ ఎర్త్ రాసిన నాన్‌జింగ్ ఇల్లూ ఇప్పుడు ఆమె స్మారక మందిరాలు. నాన్‌జింగ్ ఇల్లు విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉంది. 2012లో దాన్ని సందర్శకులకు తెరిచారు.

పెన్సిల్వేనియా పొలంలోనే ఆమెను పాతిపెట్టారు. సమాధి రాయి మీద ఆమె పేరు ఇంగ్లీషులో లేదు. ‘సై జెన్‌జూ’ అని చైనా అక్షరాల్లో ఉంది. జెన్‌జూ అంటే ముత్యం. కేరల్ వైన్‌లాండ్ పాఠశాలలోనే ఉండి 1992లో, డెబ్బై రెండేళ్ల వయసులో చనిపోయింది.

సుక్షేత్రం కావాలనుకున్న చెల్లెళ్లు లైబ్రరీ బీరువా తాళాలున్న పదో తరగతి లీడర్‌ను అడగండి. ఒకటే ప్రతి ఉంది, అట్ట ఊడింది. పేరు రాసి తీసుకెళ్లి, సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళ్లేలోగా తిరిగి ఇచ్చేయండి. మీ వెనుక వరుసలో ఇప్పటికే పదకొండు మంది ఉన్నారు.